రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతున్న పాత పికప్: రెండోది కూడా పోయేలా ఉంది

టమాటా_బండి
2008 మోడల్ డీజిల్ పికప్. డీజిల్ పంపు పాతకాలం మెకానికల్‌ది, కంప్యూటర్ గింప్యూటర్ ఏమీ లేవు. ములకలచెరువు వైపు నుంచి మదనపల్లె మార్కెట్‌కి టమాటా తోలతాను. మూడు నెలల నుంచి ఒకటే గోల. మధ్యాహ్నం రెండింటికి బండి ఇంటి ముందు పెడితే, తెల్లవారుజామున మూడింటికి తాళం తిప్పేసరికి సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పే మోటారు) టిక్ టిక్ టిక్ అని కొట్టుకుంటుందే తప్ప తిరగదు. మా వీధి మొత్తం లేచి నా బండి తోయాల్సి వస్తోంది, మొన్న అయితే పక్కింటి ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశాడు పాపం.

ఇప్పటిదాకా చేయించినవి: కొత్త బ్యాటరీ (7,200), సెల్ఫ్ మోటారుకి బుష్‌లు, కరెంటు అందించే కార్బన్లు (2,800). నెల బాగుంది, మళ్లీ అదే. షాపువాళ్లు బ్యాటరీ డిఫెక్ట్ అని వారంటీలో మార్చి ఇచ్చారు. ఇప్పుడు ఆ రెండోది కూడా పొద్దున్నే చచ్చిపోతోంది. మా మెకానిక్ ఇప్పుడు సెల్ఫ్ మొత్తం కొత్తది వేద్దాం అంటున్నాడు. వేయించాలా వద్దా? తోసి స్టార్ట్ చేశాక రోజంతా మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతుంది.

చిల్లు_సైలెన్సర్
మ్యూజిక్ సిస్టమ్ పీకెయ్ అన్నా. నూటికి తొంభై బళ్లలో దొంగ అదే. ఆంప్లిఫయర్ డైరెక్టుగా బ్యాటరీ నుంచి లాగి ఉంటారు.

టమాటా_బండి
మ్యూజిక్ సిస్టమ్ 2015లోనే ఎలుకలు తినేశాయి. వేరేది చెప్పు.

భీమవరం_ఐస్‌లోడు
సెల్ఫ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ముందు ఎర్త్ వైర్లు (కరెంటు తిరిగి బ్యాటరీకి పోయే వైర్లు) చూడండి. మాది చేపల లోడు, ఐస్ కరిగి ఉప్పునీళ్లు ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మీద పడుతూనే ఉంటాయి. ఒకసారి సెల్ఫ్ ముక్కుతూ తిరిగేది, తిరిగినప్పుడల్లా యాక్సిలరేటర్ కేబుల్ చెయ్యి కాలేంత వేడెక్కేది. ముగ్గురు చూశారు, ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి చూస్తే ఇంజన్ నుంచి ఛాసిస్‌కి వచ్చే ఎర్త్ పట్టీ పైకి బాగానే ఉంది, లోపల రాగి అంతా పచ్చగా పొడైపోయింది. కరెంటుకి దారి లేక యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకుని పోతోంది. 180 రూపాయల పట్టీ. దానికి ముందు నేను పోసింది 11 వేలు.

నిజామాబాద్_పసుపు
ఇంత టెన్షన్ ఎందుకు భాయ్. రాత్రి నెగెటివ్ టెర్మినల్ పీకి పండుకో, పొద్దుగాల పెట్టుకో. నేను రెండేండ్లు అట్లనే నడిపిన. టెర్మినల్ మీద తిప్పే కటాఫ్ స్విచ్చి దొరుకుతది, అది వేస్తే పానా కూడా అక్కర్లేదు.

డైనమో_బాబాయ్
నేను ముప్పై ఏళ్లు ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్లు వదిలేయండి.

పొద్దున్నే బ్యాటరీ దిగిపోయింది అంటే రెండే రెండు దారులు. పగలంతా అది సరిగ్గా నిండలేదు, లేదా నిండినది రాత్రి ఎక్కడికో కారిపోతోంది. ఈ రెండింటిలో ఏదో తెలియకుండా బ్యాటరీ మార్చడం అంటే చిల్లు కుండలో నీళ్లు నిలవడం లేదని బావి మార్చడమే. భీమవరం అబ్బాయి చెప్పిన ఎర్త్ సంగతి నిజమే, కానీ అది మూడో రకం జబ్బు: బ్యాటరీ నిండుగా ఉన్నా సెల్ఫ్‌కి కరెంటు అందదు. అలాంటప్పుడు రాత్రి పగలు తేడా ఉండదు, మధ్యాహ్నం కూడా ముక్కుతుంది. మీ బండి పగలు బాగానే తిరుగుతోంది అంటున్నారు.

పసుపు గారి చిట్కా వైద్యంగా పనికిరాదు గానీ పరీక్షగా బంగారం. ఈ రాత్రి నెగెటివ్ తీసి పడుకోండి. పొద్దున్నే పెట్టగానే ఒక్క దెబ్బకి స్టార్ట్ అయితే కారుడు ఖాయం. అప్పుడు కూడా తిరగకపోతే బ్యాటరీ గానీ ఛార్జింగ్ గానీ.

ఒక మల్టీమీటర్ కొనండి, నాలుగైదు వందలకి దొరుకుతుంది. నాలుగు రీడింగులు కావాలి: బండి ఆపిన గంట తర్వాత, పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందు, ఇంజన్ నడుస్తుండగా, నడుస్తూ లైట్లన్నీ వేసినప్పుడు. నిండు బ్యాటరీ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉండాలి. 12.0 చూపిస్తే పావు వంతే మిగిలిందని లెక్క. చాలామంది "పన్నెండు చూపిస్తోంది కదా, పన్నెండు వోల్టుల బ్యాటరీయే కదా" అని సంతోషపడతారు, అక్కడే పప్పులో కాలేస్తారు. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా రావాలి.

నిజామాబాద్_పసుపు
వైద్యంగా పనికిరాదు అంటే ఎట్ల బాబాయ్, రెండేండ్లు నడిచింది కదా నా బండి.

డైనమో_బాబాయ్
నడిచింది. ఎక్కడో ఒకచోట వైరు కాలుతూ ఉంటే కూడా బండి నడుస్తుంది నాయనా, ఆ రోజు వచ్చేదాకా. రాత్రి కటాఫ్ చేస్తావు సరే, పగలు ఆ లీకు ఎక్కడికి పోయింది?

నిజామాబాద్_పసుపు
అదీ నిజమే అనుకో.

కొత్తది_కొనలేను
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మాది 2010 బండి, పొద్దున్నే చేత్తో ఫిల్టర్ మీద ప్రైమర్ (డీజిల్‌ని పంపుకి తోసే గుండీ) పదిసార్లు నొక్కితేనే స్టార్ట్ అవుతుంది, అయ్యాక ఐదు నిమిషాలు తెల్లగా పొగ. పంపు రిపేరు అంటున్నారు, 18 వేలు చెప్పారు. నిజంగా పంపేనా?

షెడ్డు_నం_4
ప్రైమర్ కొడితే స్టార్ట్ అవుతోందంటే పంపు దాకా వెళ్లకు తమ్ముడూ. రాత్రి డీజిల్ లైన్లోకి గాలి దూరి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతోంది. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య అడుగు పొడవు తెల్ల ట్రాన్స్‌పరెంట్ పైపు పెట్టి చూడు, పొద్దున్నే బుడగలు కనిపిస్తే కేసు తేలిపోయినట్టే. డీజిల్ పైపులు బిగించే బాంజో బోల్టుల దగ్గర రాగి వాషర్లు మార్చు, ఒకసారి బిగించినవి మళ్లీ వాడితే సరిగ్గా కూర్చోవు. ట్యాంకు దగ్గర రబ్బరు పైపు చీలిందేమో చూడు. డీజిల్ కారడం కనిపించదు, ఎందుకంటే అక్కడ పంపు లాక్కుంటుంది, గాలి లోపలికి పోతుంది గానీ డీజిల్ బయటికి రాదు. అందుకే జనం అక్కడ వెతకరు.

తెల్ల పొగ అంటే కాలని డీజిల్. ఇంజన్ వేడెక్కాక పొగ ఆగిపోతే భయం లేదు. చల్లని ఇంజన్‌ని వేడిచేసే హీటర్ ప్లగ్గులు ఉన్న ఇంజనైతే అవి కూడా చెక్ చేయించు, పాత డైరెక్ట్ ఇంజెక్షన్ (డీజిల్ నేరుగా సిలిండర్లోకి చిమ్మే) బళ్లలో చాలావాటికి అవి ఉండవు.

రాయచోటి_కువైట్
వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా, కొంచెం తీపి వాసన వస్తూ, రేడియేటర్లో నీళ్లు తగ్గుతూ ఉంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే అట్ట) పోయినట్టు. అప్పుడు పంపు, వాషర్లు మర్చిపో. నల్ల పొగ అయితే డీజిల్ ఎక్కువ గాలి తక్కువ, ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి దులుపు. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, దేవుడికి దండం పెట్టుకో.

కొత్తది_కొనలేను
తెల్లదే, వేడెక్కాక ఆగిపోతుంది. రేపే పైపు పెట్టి చూస్తా. 18 వేలు మిగిలితే మీ ఇద్దరికీ బిర్యానీ.

చిల్లు_సైలెన్సర్
నాకూ ఒక డౌట్. బ్రేక్ తొక్కితే వెనక ఎడమ ఇండికేటర్ కూడా మసక మసగ్గా వెలుగుతోంది. వెనక వచ్చేవాడు నేను ఎడమకి తిరుగుతున్నా అనుకుని కుడివైపు నుంచి దూరిపోతున్నాడు.

భీమవరం_ఐస్‌లోడు
ఆ లైటు డబ్బాకి ఎర్త్ పోయింది. బ్రేక్ బల్బుకి వచ్చిన కరెంటు తిరిగి పోయే దారి లేక ఇండికేటర్ బల్బులోంచి దూరి పోతోంది. డబ్బా నుంచి ఛాసిస్‌కి ఒక వైరు, పెయింట్ గీకి బిగించు. పది నిమిషాల పని.

టమాటా_బండి
వచ్చా. మీటర్ కొన్నా, 450. రీడింగులు:
ఆపిన గంటకి 12.5
పొద్దున్నే మూడింటికి 11.9
ఇంజన్ నడుస్తుంటే 13.5
లైట్లన్నీ వేస్తే 12.9

ఆ మరుసటి రాత్రి నెగెటివ్ తీసి పడుకున్నా. పొద్దున్నే పెట్టగానే సగం తిప్పు కూడా తిప్పకుండానే స్టార్ట్. మా ఆవిడ "ఇంకా వీధివాళ్లు రాలేదేంటి" అని బయటికి వచ్చి చూసింది.

డైనమో_బాబాయ్
కారుడు ఖాయం. దానితోపాటు 13.5, లైట్లు వేస్తే 12.9 కూడా నాకు నచ్చలేదు. అది గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు దొంగని పట్టాలి. బండి ఆఫ్ చేసి, తాళం తీసి, తలుపులు మూసి, నెగెటివ్ వైరు టెర్మినల్ నుంచి తీసి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య 21 వాట్ల బ్రేక్ బల్బు కట్టండి. ఏమీ లాగకపోతే బల్బు వెలగదు. వెలిగితే ఏదో లాగుతోంది. ఎంత గట్టిగా వెలిగితే అంత దొంగతనం. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటి పీకుతూ రండి, ఏది పీకితే బల్బు ఆరుతుందో ఆ లైన్లో ఉన్నాడు దొంగ. తర్వాత కచ్చితమైన లెక్క కావాలంటే బల్బు బదులు మీటర్ పది ఆంపియర్ల రంధ్రంలో పెట్టి చూడండి. మీటర్ అలా కట్టి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటర్లో ఫ్యూజ్ గానీ మీటరే గానీ పోతుంది. గడియారం, చిన్నాచితకా కలిపి 0.05 ఆంపియర్ లోపు ఉంటే తప్పు లేదు.

డాలస్_పాతబండి
నాకు ఇక్కడ 1997 పికప్ ఉంది, వీకెండ్ బొమ్మ. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకీ చిన్న పికప్‌లకీ ఓబీడీ2 (బండి కంప్యూటర్ తప్పుల కోడ్లు చెప్పే పద్ధతి) తప్పనిసరి కాబట్టి స్కానర్ పెడితే అదే చెప్పేస్తుంది అనుకున్నా. ఒక్క కోడ్ కూడా రాలేదు. బ్యాటరీ మాత్రం మూడు రోజులకోసారి ఖాళీ. చివరికి ఫోన్ వీడియో ఆన్ చేసి డ్యాష్‌బోర్డు డబ్బాలో పెట్టి మూత వేశా. లోపల బల్బు పట్టపగల్లా వెలుగుతూనే ఉంది. మూత దగ్గర స్విచ్చి అరిగిపోయింది.

చిల్లు_సైలెన్సర్
ఫ్రిజ్‌లో లైటు ఆరుతుందా లేదా అని చిన్నప్పుడు చూసిన బాపతు మనిషివి నువ్వు.

షెడ్డు_నం_4
మన పాత బళ్లకి స్కానర్ పెట్టే రంధ్రమే ఉండదు, ఆ బాధే లేదు.

టమాటా_బండి
బల్బు కట్టాను. భగ్గున వెలిగింది, బ్రేక్ తొక్కినప్పుడు ఎంత వెలుగుతుందో అంత! మీటర్ పెడితే 3.8 ఆంపియర్లు. ఫ్యూజులన్నీ పీకేశా, ఒక్కటి కూడా మిగల్లేదు, అరచేతిలో పోసుకుని కూర్చున్నా. బల్బు కొంచెం కూడా తగ్గలేదు. నాకేమీ అర్థం కావట్లేదు.

డైనమో_బాబాయ్
చాలా మంచి వార్త అది. ఫ్యూజులన్నీ తీసినా ఆరలేదంటే హార్న్, లైట్లు, వైపరు, క్యాబిన్ అన్నీ నిర్దోషులు. ఫ్యూజ్ డబ్బా దాకా రాకుండా బ్యాటరీ నుంచి నేరుగా పోయే లావు వైర్లు రెండే: సెల్ఫ్‌కి ఒకటి, డైనమోకి (ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని నింపేది) ఒకటి.

లెక్క చూడండి. మధ్యాహ్నం రెండు నుంచి తెల్లవారు మూడు దాకా 13 గంటలు. 13 ఇంటు 3.8 అంటే దాదాపు 50. మీ బ్యాటరీ 80 ఆంపియర్ అవర్లది అయితే 50 పోయింది. ఇక సెల్ఫ్ ఏం తిరుగుతుంది? మీ బ్యాటరీ రెండుసార్లూ మంచిదే, పాపం.

ఇప్పుడొక పని చేయండి, మీటర్ కూడా అక్కర్లేదు. బండి మామూలుగా పెట్టేయండి, టెర్మినల్ తీయకండి. తెల్లవారుజామున మూడింటికి, సెల్ఫ్ ముట్టుకోకముందు, బానెట్ ఎత్తి ముందు ఇంజన్ బ్లాక్ మీద చెయ్యి పెట్టండి. తర్వాత డైనమో మీద పెట్టండి. ఏమనిపించిందో చెప్పండి.

నిజామాబాద్_పసుపు
బాబాయ్ నాడి చూసే వైద్యుడి లెక్క ఉన్నడు.

షెడ్డు_నం_4
నాకు డౌట్ సెల్ఫ్ సొలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్చి) మీదే. లోపల కార్బన్ పొడి పేరుకుపోయి లీక్ అవుతుంది, నేను చూశాను.

డైనమో_బాబాయ్
నువ్వు చూసే ఉంటావు, కాదనను. కానీ ఈయన సెల్ఫ్ మూడు నెలల క్రితమే విప్పి కడిగారు. పైగా 13.5 అనే అంకె సెల్ఫ్ వల్ల రాదు. పందెం ఏమిటి?

షెడ్డు_నం_4
టీ.

టమాటా_బండి
బాబాయ్, ఒళ్లు జలదరించింది. మూడింటికి లేచా. మా వైపు ఇప్పుడు చలి బాగానే ఉంది, బానెట్ మీద మంచు తడి. ఇంజన్ బ్లాక్ రాయిలా చల్లగా ఉంది. డైనమో మీద చెయ్యి పెడితే కోడి అప్పుడే పెట్టిన గుడ్డంత వెచ్చగా ఉంది! పన్నెండు గంటలకి పైగా ఆగి ఉన్న బండిలో!

బ్యాటరీ నెగెటివ్ తీసి, డైనమో వెనక లావు వైరు విప్పి, దాని కొసకి టేపు చుట్టి, మళ్లీ బల్బు కట్టి చూశా. బల్బు వెలగలేదు. మీటర్ పెడితే 0.03.

షెడ్డు_నం_4
టీ నా ఖాతాలో.

డైనమో_బాబాయ్
నెగెటివ్ ముందు తీసినందుకు శభాష్. అది తీయకుండా ఆ వైరు దగ్గర పానా పెట్టి, పానా బాడీకి తగిలి వెల్డింగ్ అయిన కేసులు నా చేతి మీద మచ్చలుగా ఉన్నాయి.

విషయం ఇది. డైనమో లోపల పుట్టేది ఏసీ. దాన్ని డీసీ చేయడానికి ఒక ప్లేటు మీద ఆరు పెద్ద డయోడ్లు ఉంటాయి. డయోడ్ అంటే ఒకవైపే తెరుచుకునే తలుపు, డైనమో నుంచి బ్యాటరీకి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఒక తలుపు విరిగితే రాత్రంతా బ్యాటరీ కరెంటు డైనమో చుట్టల్లోకి వెనక్కి పోయి దాన్ని వెచ్చబెడుతూ ఉంటుంది. పగలు మిగతా డయోడ్లు పని చేస్తాయి కాబట్టి ఛార్జింగ్ కొంత వస్తుంది, పూర్తిగా రాదు. ఆ 13.5 అదే. ఇంకో సాక్ష్యం కావాలంటే ఇంజన్ నడుస్తుండగా మీటర్ ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర చూడండి. అర వోల్టు దాటితే డయోడ్ పోయినట్టే.

డాలస్_పాతబండి
ఒక్క మాట. చవక మీటర్లు కొన్ని ఏసీ రేంజ్‌లో డీసీని కూడా లెక్కేసి 28 అనో 30 అనో చూపిస్తాయి, అది చూసి భయపడొద్దు. వైర్లు అటుదిటు మార్చి చూడండి. ఒకవైపు 28, మరోవైపు సున్నా వస్తే ఆ మీటర్ ఈ పనికి పనికిరాదు.

టమాటా_బండి
నాది సరిగ్గా అదే చూపించింది, 28, సున్నా! డాలస్ అన్న చెప్పకపోతే బండి తగలబడుతుందని పారిపోయేవాడిని. వదిలేశా, గుడ్డు సాక్ష్యం చాలు.

భీమవరం_ఐస్‌లోడు
డయోడ్ ఊరికే పోదు. ఒకటి చెప్పండి టమాటా గారూ, మీ డైనమో వెనక వ్యాక్యూమ్ పంపు ఉందా? దాని చుట్టూ ఆయిల్ తడి ఉందా?

టమాటా_బండి
ఉంది. వెనకంతా నల్లగా, మట్టీ ఆయిలూ కలిసి బంకలా అట్ట కట్టింది. వేలు పెడితే వేలు అంటుకుంది. పాత బండి కదా, ఎక్కడ లేదు ఆయిల్ అని పట్టించుకోలేదు.

భీమవరం_ఐస్‌లోడు
బ్రేక్ ఎలా ఉంది?

టమాటా_బండి
అది అడుగుతారని అనుకోలేదు. ఈ మధ్య పెడల్ కొంచెం గట్టిగా ఉంటోంది. పోయిన నెల తిరుపతి లోడు వేసుకుని భాకరాపేట ఘాట్ దిగుతుంటే వరసగా మూడు నాలుగు సార్లు తొక్కాక పెడల్ రాయి అయిపోయింది, రెండు కాళ్లతో తొక్కాల్సి వచ్చింది. లైనింగ్ అరిగిందనుకుని లైనింగ్ మార్పించా.

భీమవరం_ఐస్‌లోడు
అయ్య బాబోయ్.

డైనమో_బాబాయ్
ఇంత పెద్ద సంగతి ఇప్పుడా చెప్పడం! రేపు ఘాట్ వైపు లోడు ఒప్పుకోకండి, చెప్పేది వినండి.

పెట్రోల్ ఇంజన్ లాగా డీజిల్ ఇంజన్‌కి సొంతంగా వ్యాక్యూమ్ (గాలి లాగేసిన ఖాళీ) పుట్టదు. అందుకే ఇలాంటి బళ్లలో డైనమో వెనక అదే షాఫ్ట్ మీద చిన్న వ్యాక్యూమ్ పంపు పెడతారు. అది లాగిన వ్యాక్యూమే బ్రేక్ బూస్టర్‌కి (మీ కాలి తొక్కుడుకి తోడు బలం ఇచ్చేది) బలం. ఆ పంపుకి తడి కోసం ఇంజన్ ఆయిల్ వస్తుంది. పంపుకీ డైనమోకీ మధ్య ఒక ఆయిల్ సీల్. ఆ సీల్ అరిగితే ఆయిల్ డైనమో లోపలికి పోతుంది, కార్బన్లు నానుతాయి, దుమ్ము బంకై గాలి ఆడక డయోడ్లు వేడికి పోతాయి. మీ బ్యాటరీ జబ్బు, మీ బ్రేక్ జబ్బు రెండూ ఒకే చోట పుట్టాయి.

ఇంట్లోనే పరీక్ష: ఇంజన్ ఆపి బ్రేక్ ఐదారు సార్లు తొక్కండి, పెడల్ గట్టిపడుతుంది. అలాగే కాలు నొక్కి పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. వ్యాక్యూమ్ ఉంటే పెడల్ కాలి కింద కొంచెం కిందికి దిగాలి.

టమాటా_బండి
దిగలేదు. పావు నిమిషం తర్వాత ఏదో కాస్త కదిలినట్టు అనిపించింది. అది కూడా నా ఆశేమో.

షెడ్డు_నం_4
ఇప్పుడు నా లైన్లోకి వచ్చింది. ఉత్త సీల్ మార్చి వదిలేయొద్దు అన్నా, ఆరు నెలల్లో మళ్లీ పోతుంది. పంపు నుంచి ఆయిల్ కిందికి, సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టి) తిరిగి పోయే ఒక పైపు ఉంటుంది. అది ఎక్కడైనా నొక్కుకుపోయినా, లోపల బంక పేరుకున్నా, ఆయిల్ దిగక పంపులో ప్రెషర్ పెరిగి సీల్ని తోసేస్తుంది. ఆ పైపు కొత్తది వేయించు. పంపు లోపల రెక్కలు అరిగాయేమో చూపించు. పంపు నుంచి బూస్టర్‌కి వెళ్లే గొట్టంలో ఒకవైపు వాల్వ్ ఉంటుంది, అది కూడా నోటితో ఊది చూడు, ఒకవైపే గాలి పోవాలి.

ఇంకో మాట, మెకానిక్‌ని తిట్టుకుంటున్నావేమో. మా దగ్గరికి వచ్చేవాళ్లు "బ్యాటరీ చూడు, గంటలో లోడు ఉంది" అంటారు. రాత్రంతా బండి షెడ్డులో వదిలి పొద్దున్నే డైనమో తడిమి చూడమనే కస్టమర్ నా సర్వీసులో ఒక్కడూ రాలేదు.

టమాటా_బండి
తిట్టుకోలేదు. నేనూ అలాగే గంటలో చేయమన్నవాడినే.

నిజామాబాద్_పసుపు
డైనమో కొత్తది కొంటరా, రిపేరా? కొత్తదే నయం, తలనొప్పి ఉండదు.

డైనమో_బాబాయ్
చుట్టలు కాలకుండా, షాఫ్ట్ గీతలు పడకుండా ఉంటే రిపేరు చాలు. డయోడ్ ప్లేటు, కార్బన్లు, రెండు బేరింగులు, సీలు. షాఫ్ట్ మీద సీల్ కూర్చునే చోట గోరు పెట్టి గీస్తే గాడి తగిలిందా, కొత్త సీల్ కూడా నిలవదు, అప్పుడు మార్చేయడమే.

రాయచోటి_కువైట్
కువైట్లో పన్నెండేళ్లు పికప్ తోలాను. అక్కడ ఎండకి బ్యాటరీలు రెండేళ్లకి మించి ఆగవు, అందరూ బ్యాటరీనే అనుమానిస్తారు. మా గ్యారేజీలో ఈజిప్టు మెకానిక్ ఒకడు ఉండేవాడు, బండి రాగానే పనిముట్టు తీయకముందు అన్నీ తడిమేవాడు, వాసన చూసేవాడు. మేం నవ్వేవాళ్లం. ఇప్పుడు గుడ్డు కథ చదివాక వాడు గుర్తొచ్చాడు.

ఇంకోటి, డైనమో ఎలాగూ విప్పుతున్నారు కదా, ఫ్యాన్ బెల్టు కూడా చూసుకోండి. రేడియేటర్లో బోరు నీళ్లు పోసేవాళ్లయితే ఆ పని మానండి, మన వైపు నీళ్లకి లోపల సున్నం గట్టిగా పట్టేస్తుంది.

కొత్తది_కొనలేను
షెడ్డు అన్నా, పైపు పెట్టా. బుడగలు సోడాలా వస్తున్నాయి! ఫిల్టర్ దగ్గర వాషర్లు మార్చా, 60 రూపాయలు. మూడు రోజులుగా ప్రైమర్ ముట్టుకోలేదు. పొగ కూడా సగం తగ్గింది.

షెడ్డు_నం_4
బిర్యానీ ఒకటి. టీ బాకీ పోను.

టమాటా_బండి
రెండు రోజులు బండి ఆపేశా, లోడు మా బావమరిది బండికి ఇచ్చేశా. నా ముందే విప్పించా. డైనమో లోపల చూస్తే చట్నీ అన్నా, నల్ల చట్నీ. కార్బన్లు నూనెలో నానిన బజ్జీల్లా ఉన్నాయి. మూడు డయోడ్ల మీద మసి, అందులో ఒకటి మీటర్ పెడితే రెండు వైపులా పోతోంది. ఆయిల్ తిరిగి వచ్చే పైపు ఇంజన్ మౌంటింగ్ పక్కన నొక్కుకుని చపాతీలా ఉంది. మూడేళ్ల క్రితం ఇంజన్ దించినప్పుడు జరిగిందేమో.

షాఫ్ట్ మీద గోరు పెట్టి చూశా, గాడి లేదు. డయోడ్ ప్లేటు, కార్బన్లు, బేరింగులు, సీలు, పైపు, వ్యాక్యూమ్ పంపు రెక్కలు, కూలీ కలిపి 4,300.

ఇప్పుడు రీడింగులు: నడుస్తుంటే 14.2, లైట్లన్నీ వేసినా 13.9. రాత్రి లాగేది 0.03. పొద్దున్నే 12.6. బ్రేక్ నొక్కి స్టార్ట్ చేస్తే పెడల్ మెత్తగా కిందికి దిగింది, కాలు దానంతట అదే పోయింది. నిన్న ఖాళీ బండితో ఘాట్ దిగి చూశా, ఒక్క కాలు చాలింది. పక్కింటి ఆయన "ఏమయ్యా, ఈ మధ్య పిలవడం లేదు" అన్నాడు.

సెల్ఫ్ కొత్తది వేయించలేదు.

డైనమో_బాబాయ్
సంతోషం. ఎనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి మీకు ఫిట్‌నెస్ ఏటా ఉంటుంది కదా, ఈసారి బ్రేకు పరీక్షకి భయపడకుండా వెళ్లండి.

టమాటా_బండి
ఇంకొకటి అడగొచ్చా? క్లచ్ వదిలి కదిలేటప్పుడు కింద నుంచి ఒకే ఒక్కసారి టక్ మంటోంది. రివర్స్‌కి మార్చినప్పుడు మళ్లీ ఒక టక్.

షెడ్డు_నం_4
ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి తిరుగుడు అందించే కడ్డీ) కీలు, అంటే క్రాస్. బండి కింద దూరి, చక్రాలకి రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పు. క్రాస్ దగ్గర ఆట కనిపిస్తే మార్చు. దాని చుట్టూ ఎర్రగా తుప్పు పొడి రాలుతుంటే చూడకుండానే మార్చు. గ్రీసు ఎప్పుడు కొట్టించావు?

టమాటా_బండి
గ్రీసు కొట్టాలా దానికి?

షెడ్డు_నం_4
😐

అరకు_కాఫీమూటలు
ఈ చర్చ మొత్తం చదివా, నాదీ సేమ్ కేసు, 2011 బండి, రాత్రి దిగిపోతోంది. కానీ పొద్దున్నే డైనమో చల్లగానే ఉంది. ఇప్పుడేం చేయాలి?

డైనమో_బాబాయ్
చల్లగా ఉంటే మీ దొంగ వేరే. బల్బు కట్టి ఫ్యూజులు పీకడం మొదలుపెట్టండి. ఏది పీకితే ఆరిందో రాయండి.

చిల్లు_సైలెన్సర్
మ్యూజిక్ సిస్టమ్ ఉందా అన్నా?

అరకు_కాఫీమూటలు
ఉంది. ఆంప్లిఫయర్ కూడా.